దూడ లేని రీలు

పదహారేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నేనెవరో మీకు తెలియదు కాబట్టి మీతో చెప్పగలుగుతున్నాను. కుప్పం చుట్టుపక్కల క్వారీల్లో రాయిని చూసి ఎన్ని ఘనపుటడుగులో నోటితోనే చెబుతాను. "నీ లెక్క తప్పదప్పా" అంటారు. ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది.

ఆ లెక్క నేను ఏ బడిలోనూ నేర్చుకోలేదు. మదనపల్లెలో చదివే రోజుల్లో నలుగురం కలిసి, లెక్చరరు తెచ్చిన కెమెరాతో మొదటిసారి ఒక చిన్న సినిమా తీశాం. పుంగనూరు పొట్టి ఆవు ఈనడంతో అది ముగియాలి. కెమెరా మాలో ఏసురత్నం పట్టాడు. సినిమా బాగా వస్తే మద్రాసులో కెమెరా చదువుకు సిఫారసు రాస్తానని లెక్చరరు అతనికి మాటిచ్చాడు. రీలు ఎంత మిగిలిందో చూపే ముల్లు చెడిపోయింది గనక, సెకండ్లు లెక్కపెట్టి చెప్పే పని, కెమెరాకూ ఆవుకూ మధ్య దూరం చెప్పే పని నాది. గడియారం చూడకుండా కాలాన్ని, టేపు లేకుండా దూరాన్ని అంచనా కట్టడం అక్కడే పట్టుబడింది.

నూరడుగుల రీలులో నాలుగు వేల బొమ్మలు. సెకనుకు పదహారు చొప్పున రెండు వందల యాభై సెకండ్లని పుస్తకంలో రాసుకున్నాను. వేగం ఇరవైనాలుగుకు మార్చానని ఏసురత్నం పొద్దున్నే చెప్పాడు. విన్నాను. పుస్తకంలో దిద్దలేదు. అంటే నూట అరవై ఆరు సెకండ్లకే రీలు ఖాళీ.

సోమల ఊరి దగ్గర ఆవును కట్టేసిన కొట్టంలో దూడ ముందుకాళ్లు కనబడేసరికి కెమెరా చప్పుడు తేలికైంది. రీలు అయిపోయిందని నాకు అర్థమైంది. సంచిలో ఇంకో రీలుంది. మార్చడానికి రెండు నిమిషాలు చాలు. కానీ నోరు తెరిస్తే నా తప్పు అందరికీ తెలుస్తుంది. అంతే కదా? అంత మాత్రానికే నోరు మూసుకున్నాను. ఏసురత్నం ఊపిరి బిగబట్టి, దూడ లేచి నిలబడేదాకా ఖాళీ కెమెరాను తిప్పుతూనే ఉన్నాడు.

కడిగిన రీలు మద్రాసు నుంచి వచ్చింది. అందులో దూడ లేదు.

"ఏమప్పా, రీలు అయిపోయింది సూసుకోలేదా?" అని లెక్చరరు అతన్ని అడిగాడు.

"అయిపోయిందని నేను సెప్పినా సార్. ఈయప్పే ఇనలేదు" అన్నాను.

ఏసురత్నం నా వైపు చూశాడు. "సెప్పే ఉంటాడు సార్. నా కండ్లు దూడ మీదే ఉండాయి."

నన్ను నమ్మాడు. తన చెవులను కాదని నన్ను నమ్మాడు. అందుకు అతని మీదే కోపం వస్తుంది నాకు, ఎంత సిగ్గుమాలిన కోపమో చూడండి. పుస్తకం చూపించమనైనా అడగకుండా సిఫారసు మానేసిన ఆ లెక్చరరు మీద ఇప్పటికీ పళ్లు కొరుకుతాను. అడిగి ఉంటే? ఆ పేజీ చింపేసి ఉండేవాణ్నా? చింపేసేవాణ్నే.

పోయినేడు పుంగనూరులో అతని కూతురి పుట్టినరోజుకు వెళ్లాను. అతనిప్పుడు రేడియోలు బాగుచేస్తాడు. ఎవరో ఫొటో తీయమని కెమెరా చేతికిస్తే, తాకీ తాకగానే నా చేతిలో పెట్టేశాడు. "నువ్వే తియ్యప్పా. నాకిది అచ్చిరాదు" అని నవ్వాడు. తీశాను. బాగా వచ్చింది కూడా. ఏం మనిషిని నేను?

అతనికి చెప్పే ధైర్యం నాకు లేదు. క్షమించమని అడిగే మొహమూ లేదు. మీకైనా చెప్పనివ్వండి. రీలు అయిపోయిందని ఆ రోజు నేను చెప్పలేదు.

చెప్పలేదు.