ఒక్క అడుగు వేయని నన్ను నడిపించిన వీడియో

ఏన్కూరులో పత్తి గోదాము పైకప్పుకు వెల్డింగ్ చేస్తూ కింద పడ్డాను. నొప్పి లేదు. కాళ్లు మాత్రం ఎవరివో అన్నట్టు పడి ఉన్నాయి. భయం అక్కడే మొదలైంది.

ఖమ్మంలో ఎమ్మారై తీసి "స్పైనల్ కార్డ్ ఇంజురీ", అంటే వెన్నుపాముకు దెబ్బ అన్నారు. హైదరాబాదులో ఆపరేషన్ చేసి రాడ్లు వేశారు. కాళ్లు రాలేదు. మూత్రానికి పైపు. కూర్చోబెడితే బీపీ పడిపోయి కళ్లు తిరిగేవి. స్నానం కూడా నా భార్య షాహీనే చేయించాలి. ఆమె ఎంత ఓపికగా చేస్తే నాకంత మండేది.

చాలాకాలానికి, కొత్త వైద్యాన్ని పరీక్షించే ట్రయల్ కింద వెన్నులో స్టిమ్యులేటర్ పెట్టారు. వెన్నుపాము దగ్గర సన్నని తీగలు, చర్మం కింద బ్యాటరీ. "ఇది కాళ్లు తెచ్చే మిషన్ కాదు, నరాలకు కాస్త ఊతం, అంతే" అన్నారు డాక్టరమ్మ. మధ్యలో ఇన్ఫెక్షన్ వచ్చి మళ్లీ కోసి కడిగారు. చివరికి బీపీ నిలిచింది. కూర్చుని అన్నం తిన్నాను. పైనుంచి బెల్టు కట్టి, మిషన్ ఆన్ చేస్తే కాసేపు నిలబడ్డాను కూడా. ఏడ్చాను.

అది ఎవరో వీడియో తీశారు. బెల్టు, పట్టుకున్న ఫిజియోలు కనిపించకుండా కత్తిరించి, పాట తగిలించి ఫోన్లలో తిప్పారు. వెన్ను విరిగినవాడు నడిచాడట! ఎవడు చూశాడు నేను నడవడం?

ఆ వీడియో చూసి భద్రాచలం అవతలి అడవి ఊరి నుంచి ముత్తమ్మ అనే ఆమె, చింతచెట్టు మీది నుంచి పడి కాళ్లు చచ్చుబడ్డ భర్తను ఆటోలో పడుకోబెట్టి, అడుగుతూ అడుగుతూ మా ఇంటికి తెచ్చింది. మనిషి కంటే ముందు వాసన వచ్చింది. షాహీన్ దుప్పటి తీసి చూస్తే నడుము కింద పుండు, లోపల ఎముక.

"అటు ఇటు తిప్పుతలేవా అక్కా?"

"వీడియో చూపెట్టినోళ్లే తిప్పొద్దన్నరమ్మా. కదిలిస్తే నరం తెగుతది, ఇగ మిషన్ పనిచెయ్యదన్నరు. అన్నకు పెట్టిన మిషనే పెట్టిద్దామని గట్లనే పండవెట్టిన."

అప్పుడు నా చక్రాల కుర్చీ చూసింది.

"నువ్వు నడువవా అన్నా?"

"నడవనమ్మా."

ఆ వీడియో తిప్పినవాళ్లలో ఒక్కడు ఎదురుగా ఉన్నా గొంతు పట్టుకునేవాణ్ని. ఆమెను ఏమనగలను? అదే ఆటోలో ఆయన్ని దవాఖానాకు పంపించాను.

స్టిమ్యులేటర్ ఉన్నవాడు వెల్డింగ్ కరెంటు దగ్గరికి పోకూడదు కాబట్టి ఇప్పుడు వెల్డింగ్ షాపు ముందు గదిలో కూర్చుని కొలతలు చూసుకుంటున్నాను. ముత్తమ్మ భర్త ఆ పుండు మానక ఇంకా దవాఖానాలో బోర్లా పడుకునే ఉన్నాడు. వీడియో ఇంకా తిరుగుతోంది.

ఇంట్లో మంచం పట్టిన మనిషి ఉంటే, డాక్టరు చెప్పినట్టు వేళకు పక్కకు తిప్పండి, రోజూ వీపు చూడండి. మిషన్ సంగతి తర్వాత. ఆ వీడియోలో నా కాళ్లు చూస్తూ కూర్చోకండి.