జావా మాస్టారి మూడో పంచ్

2007. అమీర్‌పేటలో మైత్రివనం వెనక గల్లీలో ఒక బిల్డింగ్ మీద, రేకుల షెడ్డులో నా బాక్సింగ్ జిమ్ ఉండేది. కింద అంతస్తులన్నీ కంప్యూటర్ కోచింగ్ సెంటర్లే. మెట్ల మీద ఎప్పుడూ తోపులాటే, ఒక బ్యాచ్ దిగుతుంటే ఇంకో బ్యాచ్ ఎక్కుతుండేది. జిరాక్స్ మిషన్ల రొద, "ఎర్రగడ్డ, ఎర్రగడ్డ" అని షేర్ ఆటోల కేకలు, హారన్లు. ఆ గల్లీలో నిలబడి తాపీగా చాయ్ తాగినవాణ్ని నేను చూడలేదు. నాకూ కుదురు తక్కువే. రింగ్ చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతానని నా భార్య ఇప్పటికీ దెప్పుతుంది. ఏం చెయ్యను, కుర్చీలో కూర్చుని కోచింగ్ ఇచ్చేవాణ్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఒక మధ్యాహ్నం ఆ మెట్లెక్కి వంశీ వచ్చాడు. తణుకువాడు, రెండో అంతస్తులో జావా చెప్పే మాస్టారు. టక్ చేసిన చొక్కా, మెడలో ఐడీ కార్డు, వేళ్ళ నిండా మార్కర్ మరకలు. కాలేజీలో బాక్సింగ్ ఆడేవాణ్నండీ, మళ్ళీ మొదలుపెడదామని ఉంది అన్నాడు. ఇతనేం ఆడతాడులే అనుకుంటూనే ప్యాడ్లు తొడుక్కున్నాను. ప్యాడ్లంటే కోచ్ అరచేతులకు వేసుకునే మెత్తలు. కోచ్ అంకె చెప్తాడు, ఆటగాడు ఆ పంచ్ కొడతాడు. వన్ అంటే జాబ్, ముందున్న ఎడమచేత్తో సూటిగా వేసేది. టూ అంటే క్రాస్, కుడిచెయ్యి వెనకనుంచి వస్తుంది. త్రీ అంటే హుక్, ఎడమచెయ్యి పక్కనుంచి తిప్పి కొట్టేది. వీటిని గొలుసుగా వేస్తే కాంబినేషన్.

"వన్, టూ, త్రీ, టూ" అన్నాను. నా మాట పూర్తయ్యేలోపే నాలుగూ పడ్డాయి, మూకుట్లో ఆవాలు చిటపటలాడినట్టు. అబ్బ! ఆర్మీలో ఆడాను, రిటైరయ్యాక ఎంతోమందికి నేర్పాను. అంత వేగమున్న చేతులు మాత్రం నాకు ఎప్పుడూ తగల్లేదు. వారం తిరిగేసరికి కింద క్లాసుల పిల్లలు టిఫిన్ డబ్బాలు పట్టుకుని వచ్చి మా మాస్టారి ప్యాడ్ వర్క్ చూసి పోయేవాళ్ళు.

కానీ ప్యాడ్ తప్పుకోదు, తిరిగి కొట్టదు. అసలు సంగతి స్పారింగ్‌లో బయటపడుతుంది. అంటే మనలాగే గ్లవ్స్ వేసుకున్న ఇంకో మనిషితో ప్రాక్టీసుగా తలపడటం. నా దగ్గర నర్సింగ్ అని షేర్ ఆటో నడిపేవాడు ఉండేవాడు. వంశీ చేతుల వేగంలో నర్సింగ్‌ది సగం కూడా ఉండదు. అయినా రోజూ వంశీకే దెబ్బలు తగిలేవి. వన్, టూ పడగానే నర్సింగ్ ఒకడుగు వెనక్కి వేసేవాడు. వంశీ ఆగేవాడు కాదు, మిగిలిన త్రీ, టూ గాల్లోకి కొట్టేసేవాడు. హుక్ వేసేటప్పుడు ఎడమచెయ్యి దవడ దగ్గర కాపలా ఉండదు. ఆ సందులోంచి నర్సింగ్ కుడిచెయ్యి నేరుగా ముక్కు మీదికి వచ్చేది. తలకు పెట్టుకునే హెడ్‌గార్డ్ ముక్కును కాయదు.

"నేను పోయినంక సుత కొడ్తనే ఉన్నడన్నా" అని నర్సింగే తల పట్టుకునేవాడు. "సార్, జర ఆగరాదు!"

ఒకరోజు ముక్కు విరిగింది. కాలేజీ రోజుల్లో ఒకసారి విరిగిన ముక్కే. టవల్ అడ్డం పెట్టి పంజాగుట్టలో ఒక ఆస్పత్రికి నర్సింగ్ ఆటోలోనే తీసుకెళ్ళాం. ఫ్లైఓవర్ కడుతున్న రోజులు, చౌరస్తాలో బండి కదలదు. దిగి నడుద్దామంటాను, మళ్ళీ ఎక్కుతాను, ముందున్న బస్సు డ్రైవర్‌ని తిడతాను. రక్తం కారుతున్న మనిషే నన్ను సముదాయించాడు. "ఇది రెండోసారి. మళ్ళీ విరిగితే ఆపరేషనే. ముక్కు కావాలో, బాక్సింగ్ కావాలో తేల్చుకోండి" అన్నాడు డాక్టర్. ఆ కట్టుతో వంశీ క్లాసు చెప్తే ముక్కుతో మాట్లాడినట్టే ఉంది, ఒక్క ముక్క అర్థం కావడం లేదని పిల్లలు గొడవ చేశారు. ఇంకోసారి ఇలా వస్తే బ్యాచ్‌లు వేరేవాళ్ళకిచ్చేస్తానని కోచింగ్ సెంటర్ ఓనరూ అనేశాడు. మాస్టారికి గొంతే కదా బతుకుతెరువు.

ముక్కు మానాక పైకి వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు.

"కోచ్ గారూ, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకటే పాఠం అప్పజెబుతానండి. ఇక్కడికొచ్చిన ఈ గంటే నేను మనిషిననిపిస్తుంది. స్టేట్ పోటీల్లో ఒక్కసారి ఆడనివ్వండి. ముక్కు నుంచి రక్తం వచ్చిందా, ఆ రోజే గ్లవ్స్ మీ చేతిలో పెట్టేసి వెళ్ళిపోతాను. మళ్ళీ ఈ మెట్లెక్కను."

వద్దనాల్సింది. కానీ ఆ చేతులు వదులుకోవడానికి నాకు మనసొప్పలేదు. ఇక నాకు తిండి సయించలేదు, ఒక్కచోట నిలవలేదు. ఇంకా వేగం కావాలేమో అనుకున్నాను. వేగం పెరిగింది, గాల్లో కొట్టే పంచ్‌లూ పెరిగాయి. వెనక్కి తగ్గు అని అరిచాను. తలూపేవాడు, బెల్ కొట్టగానే మళ్ళీ అదే నాలుగు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉండేది.

అలా ఉండగా పోటీలు అనుకున్నదానికంటే ముందే పెడుతున్నారని కబురొచ్చింది. వంశీకి ఫోన్ చేస్తే ఎత్తడు, క్లాసులో ఉన్నాడు. క్లాసయ్యేదాకా ఆగే ఓపిక నాకేదీ? దిగి రెండో అంతస్తుకు వెళ్ళాను. హాలు కిక్కిరిసి ఉంది, చోటు దొరకనివాళ్ళు గోడకానుకుని రాసుకుంటున్నారు. నేనూ వాళ్ళలో ఇరుక్కున్నాను. మైకులో వంశీ గొంతు ఎక్స్‌ప్రెస్ బండిలా పోతోంది. ఎక్కడా తడబాటు లేదు. చేతిలో కాగితం లేదు. పిల్లల ముఖాల మీదుగా వెనక గోడను చూస్తూ చెప్పుకుపోతున్నాడు. ముందు వరసలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది.

"డౌట్లు లాస్ట్‌లో అమ్మా" అన్నాడు, మాట ఆపకుండానే.

ఆ పిల్ల చెయ్యి దించింది, కాసేపటికి పెన్నూ మూసింది. ఆఖర్న "ఎనీ డౌట్స్?" అంటే ఒక్కరు నోరు విప్పితే ఒట్టు. మెట్ల దగ్గర నేనే ఆ అమ్మాయిని ఆపి, ఏమైందమ్మా, అడగలేదేం అన్నాను.

"గప్పుడే అర్థం గాలే అంకుల్. గాడ ఆగిపోయిన. తర్వాత సార్ చెప్పిందంత గాలికే పోయింది" అని బ్యాగ్ తగిలించుకుని ఇంకో క్లాసుకు పరిగెత్తింది.

ఓరి నీ! మెట్లు రెండేసి ఎక్కుతూ పైకి పోయాను. వంశీ రాగానే గ్లవ్స్ కూడా తొడుక్కోనివ్వలేదు.

"నువ్వు ఈడ సుత క్లాసే చెప్తున్నవ్ సార్! నర్సింగ్ వెనక్కి పోయిండంటే చెయ్యెత్తిండన్నట్టు. నువ్వు ఆగుతలేవు. ఉన్న నాలుగూ అప్పజెప్పి, డౌట్లు లాస్ట్‌లో అంటున్నవ్. లాస్ట్‌లో నీ ముక్కు పోతున్నది!"

వంశీ ముఖం ఎర్రబడింది. "నా క్లాసుకీ నా ముక్కుకీ సంబంధమేంటండీ? మధ్యలో ఆపితే సిలబస్ ఎలా పూర్తవుతుంది?"

"సిలబస్ ఎవనికి గావాలె?" అని నేనూ అరిచాను. "ఎదురుంగ మనిషున్నడు, ఆణ్ణి చూడు!"

విసురుగా మెట్లు దిగిపోయాడు. ఇక రాడేమో అని నేను షెడ్డులో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. మర్నాడు వచ్చాడు. చేతులు చాపి, గ్లవ్స్ కింద చుట్టే గుడ్డపట్టీలు కట్టమన్నాడు.

ఆ రోజు నుంచి అంకెలు చెప్పడం మానేశాను. ప్యాడ్లు కూడా ఉన్నచోట ఉంచేవాణ్ని కాదు. మధ్యలో లాగేసేవాణ్ని, దాంతోనే అతని నెత్తిన తట్టేవాణ్ని. స్పారింగ్‌లో నర్సింగ్‌కి ఒకటే పని, ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు తప్పుకోవడం. అతను కదిలితే వంశీ ఆ క్షణమే చేతులు గడ్డం దగ్గరికి తెచ్చి, చూసి, తర్వాతే కొట్టాలి. వేగంగా పోయేవాడికి మధ్యలో ఆగడమంత నరకం ఇంకోటి లేదు. చేతులు తడబడ్డాయి, ఆట చూడ్డానికి వికారంగా తయారైంది. చూడవచ్చిన పిల్లలు పెదవి విరిచి పోయారు. "ఉన్నది సుత పాయె గదన్నా" అన్నాడు నర్సింగ్ నా చెవిలో. నాకూ అదే భయం.

పోటీలో వంశీకి పడ్డవాడు సికింద్రాబాద్ కుర్రాడు. పొడుగు, సన్నం, వెనక్కి జారి కుడిచెయ్యి వదలడంలో నర్సింగ్‌కి తాత. మొదటి రౌండ్ బెల్ కొట్టగానే మా మాస్టారు నేర్చుకున్నదంతా మరిచిపోయి పాత పాఠం ఎత్తుకున్నాడు. వన్, టూ, త్రీ, టూ. మూడో పంచ్ గాల్లో ఉండగా ఆ కుర్రాడి కుడిచెయ్యి వచ్చి ముక్కు పక్కన తగిలింది. ఇంకోటి. జడ్జీల లెక్క అటువైపు పోతోందని కళ్ళున్నవాడికెవడికైనా తెలుస్తుంది. రౌండ్ అయ్యి, రింగ్ మూలన నా దగ్గరికి వచ్చినప్పుడు ముక్కు కందిపోయి ఉంది. దూదితో తుడిచి చూశాను, రక్తం లేదు. ఇంకొక్కటి పడితే అయిపోయినట్టే, అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

"సార్, ఆ పొడుగోడు ముందుటి బెంచీల గూసున్నడు" అన్నాను. "చెయ్యెత్తుతడు. జర చూడు."

రెండో రౌండ్. వన్, టూ. కుర్రాడు వెనక్కి జారాడు. వంశీ ఎడమచెయ్యి హుక్‌కు లేచింది, భుజం కూడా తిరిగింది. ఆ చెయ్యి సగంలో ఆగి గడ్డం దగ్గరికి వెనక్కి వచ్చింది. అవతలివాడు అలవాటు కొద్దీ కుడిచెయ్యి వదిలాడు. అది వంశీ గ్లవ్ మీద పడింది. ఇప్పుడు ఖాళీ అయింది అవతలివాడి దవడ. వంశీ చూశాడు, ఒకే ఒక్క టూ వేశాడు. ఆ చప్పుడుకి స్టేడియంలో చివరి వరసవాళ్ళు లేచారు. నేను ఆ ఊపులో పక్కనున్న నీళ్ళ బకెట్ తన్నేశాను. మూడో రౌండ్‌కి ఆ కుర్రాడు పంచ్ వదలడానికే జంకాడు. మావాడి చేతులకు పాత వేగం మళ్ళీ వచ్చింది, ఈసారి కళ్ళు చూసిన చోటికే పోయింది.

అయినా మొదటి రౌండ్ మింగేసింది. కొద్ది తేడాతో ఓడిపోయాం. నేను జడ్జీల మీద నోరు పారేసుకుంటుంటే వంశీ రింగ్ దిగి నవ్వుతున్నాడు.

"ఓడినవ్ గదా, నవ్వెందుకొస్తున్నది?" అని కసిరాను.

తెల్ల టవల్‌తో ముక్కు గట్టిగా తుడుచుకుని నా ముందు పరిచాడు. చెమట తప్ప ఏమీ లేదు. "గ్లవ్స్ నా దగ్గరే ఉంచుకుంటానండీ" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా.

తర్వాత చాలామందికి నేర్పాను. చేతుల్లో వేగం ఎంతున్నా, ఎదుటివాడు కదిలినప్పుడు ఆగగలిగితేనే అది పంచ్ అవుతుంది. ఆ సంగతి ప్రతి కొత్తవాడికీ చెప్తాను. నాకే అది సరిగ్గా తలకెక్కింది మాత్రం పోటీ అయిన మరుసటి వారం.

ఆ రోజు వంశీ ప్రాక్టీసుకు బాగా ఆలస్యంగా వచ్చాడు. ఆలస్యమంటే నాకు పడదు. మెట్ల మీద కనపడగానే అందుకున్నాను. "టైమంటే లెక్క లేదా సార్, పోటీ అయిపోతే ప్రాక్టీస్ అయిపోయినట్టేనా, నేనేమన్న ఈడ..."

అతను ఏదో చెప్పబోతూ చెయ్యి కొంచెం పైకెత్తాడు. ఆ వేళ్ళకు ఎప్పటికంటే ఎక్కువ మార్కర్ మరకలున్నాయి. నేను మాట మధ్యలో ఆగాను.

"చెప్పు సార్."

"క్లాసు ఆలస్యమైందండీ. ఇవాళ పిల్లలు మధ్యమధ్యలో డౌట్లు అడిగారు" అన్నాడు.