ఇనుపమామకు ఈత రాదు

హాల్మార్న్ ఆట రెండో భాగం వస్తోందని రోజారాణికి కంపెనీ బస్సులో తెలిసింది. పక్క సీటులో యమున నిద్రపోతోంది. కిటికీ బయట తుర్కపల్లి వెనక్కి పోతోంది. ఫోనులో ఒక్క నిమిషం బొమ్మ. వాన. వంతెన. వంతెన మీద ఒంటినిండా ఇనుప కవచం తొడుక్కున్న మనిషి. గడ్డం తెల్లబడింది. కత్తి ఎత్తబోయే ముందు అతను ఒకసారి బరువుగా ఊపిరి వదిలాడు.

"ముసలోడయిండు," అంది రోజారాణి పైకే.

"ఎవరు?" అంది యమున కళ్లు తెరవకుండా.

"మా మామ."

"పాపం," అని యమున అటు తిరిగి పడుకుంది.

రోజారాణి ఆ బొమ్మను షామీర్‌పేట వచ్చేదాకా చూస్తూనే ఉంది. పదకొండేళ్లు ఆగింది దాని కోసం. ఇంకో నాలుగు నెలలు ఆగడం పెద్ద కష్టం కాదు.

ఒకప్పుడు మేడ్చల్ బస్టాండు వెనక సందులో ఆమె అన్న వీరేందర్‌కు గేముల దుకాణం ఉండేది. ఒక గది, మూడు టీవీలు. తెరల మీద ఎండ పడకుండా షట్టరు సగం దించి ఉండేది. రెండు టీవీల మీద క్రికెట్టు, కార్లు ఆడేవారు. మూడోది హాల్మార్న్‌ది. ఒక్క మనిషి, ఒక్క పెద్ద కత్తి, ఎదురొచ్చినవాళ్లను నరుక్కుంటూ పోవడం, అంతే ఆట. ఆ వీరుడి పేరు పిల్లల నోట తిరగలేదు. తల నుంచి కాళ్లదాకా ఇనుమే కదా, ఇనుపమామ అన్నారు.

దుకాణంలో ఒకటే చట్టం. చచ్చినవాడు రిమోటు పక్కవాడికి ఇవ్వాలి. గడియారం చూడడం లేదు, వయసు చూడడం లేదు. చావనంతసేపూ ఆట నీది. చస్తే పక్కవాడిది. ఇంకో మాట ఎక్కడా రాసి లేదు గాని అందరికీ తెలుసు. ఆటను సులువు చేసుకుని ఆడేవాడిని పాలడబ్బా అనేవారు. ఆ పేరు ఒకసారి పడితే మేడ్చల్ దాటినా వెంట వచ్చేది.

రోజారాణి అప్పుడు ఇంటరు. కాలేజీ వదలగానే అన్నకు సద్దిగిన్నె తీసుకుని పోయేది. అతను తింటున్నంతసేపు స్టూలు మీద కూర్చుని చూసేది. ఒకరోజు ఒక కుర్రాడు చచ్చి, అలవాటు చొప్పున పక్కకు చెయ్యి చాచాడు. పక్కన ఉన్నది ఆమె. ఆమె తీసుకుంది.

ఆ మధ్యాహ్నం ఆమె చావలేదు. కుర్రాళ్లు మొదట నవ్వారు, తర్వాత గొణిగారు, చివరికి వీరేందర్ దగ్గరికి పోయారు.

"అన్నా, మీ చెల్లె లేస్తలేదు."

"సచ్చిందా?" అన్నాడు వీరేందర్, గిన్నెలోంచి తల ఎత్తకుండా.

"లే."

"మరి గమ్మున కూసోరి."

కీసర నుంచి వచ్చే సన్నీ అనే కుర్రాడు ఆ రోజు నుంచి ఆమెను సావని అక్క అన్నాడు. ఆ పేరూ మేడ్చల్ దాటింది.

తర్వాత ఫోన్లు వచ్చాయి. కుర్రాళ్ల ఆటలు కుర్రాళ్ల జేబుల్లోకి పోయాయి. ఒక్కో టీవీ పోయింది, షట్టరు పూర్తిగా దిగింది. వీరేందర్ ట్రాక్టరు, నీళ్ల ట్యాంకరు పెట్టుకున్నాడు. కొంపల్లి వైపు కొత్త అపార్టుమెంట్లకు నీళ్లు పోసేవాడు. ఒక ఎండాకాలం ట్యాంకరును ట్రాక్టరుకు తగిలిస్తుంటే కొండీ జారింది. కుడి బొటనవేలు సగం పోయింది.

వేలు మానాక అతను అన్ని పనులూ చేశాడు. ట్రాక్టరు నడిపాడు. తండ్రి గాలయ్య వెంట చెరువుకు పోయి వల లాగాడు. రిమోటు మాత్రం ముట్టలేదు. కత్తి ఎత్తడం, దూకడం, చూపు తిప్పడం, ఈ ఆటలో అన్నీ కుడి బొటనవేలివే. ఎప్పుడైనా రోజారాణి ఆ మాట ఎత్తితే, "ఇగ అయిపాయె తియ్," అనేవాడు. పాత ఆటపెట్టె అటక మీద, చిరిగిన వలల కింద ఉండిపోయింది.

కొత్త ఆట తెస్తే అన్న మళ్లీ పక్కన కూర్చుంటాడేమోనని రోజారాణి ఆశ. ఆ ఆశ ఎవరికీ చెప్పలేదు. ఆట రాగానే కొత్త పెట్టెతో సహా తీసుకుంది. అత్తగారి ఊరు అలియాబాద్‌లో కాకుండా షామీర్‌పేటలో తండ్రి ఇంట్లో పెట్టింది. అన్న ఉండేది అక్కడే.

"మనింట్ల టీవీ లేదా?" అన్నాడు భర్త దేవేందర్.

"మా నాయిన ఇంట్ల గోడ పెద్దది."

"గోడ మీద ఆడ్తవా, టీవీ మీద ఆడ్తవా?"

అతను మళ్లీ అడగలేదు. మంచివాడు.

మొదటి ఆదివారం అన్నను పిలిచి కూర్చోబెట్టింది. వద్దు వద్దంటూనే కూర్చున్నాడు. అప్పుడు ఆమె ఒక పని చేసింది. దుకాణంలో పెరిగిన మనిషి కాబట్టి చేసింది. ఆలోచించకుండా ఆటను అన్నిటికంటే గట్టి మెట్టు, అంటే అన్నిటికంటే కష్టమైన లెవలు మీద పెట్టింది. అన్నకు తక్కువ మెట్టు పెట్టడమంటే అతన్ని పాలడబ్బా అన్నట్టే అనుకుంది.

వీరేందర్ కళ్లార్పే లోపల చచ్చాడు. రిమోటు ఇచ్చాడు. ఆమె కొంత దూరం పోయి, కావాలనే, తెలియనట్టు చచ్చి, తిరిగి ఇచ్చింది. అతను మళ్లీ చచ్చాడు. సగం వేలు బొత్తాల మీద జారుతోంది. ఇద్దరూ దాన్ని చూడకుండా తెరనే చూశారు. మూడోసారి చచ్చాక రిమోటు ఆమె చేతికి ఇవ్వలేదు. మంచం మీద పెట్టాడు.

"ట్యాంకరు పనుంది," అన్నాడు.

ఆదివారం ట్యాంకరు పని లేదు.

వదిన లత వంటింట్లో చేపలు తోముతోంది. "గట్టిది పెట్టినవట గద," అంది.

"సులువుది పెడ్తె అన్న బాధపడడా వదినా?"

"సులువుది పెడ్తె బాధపడ్తడు. గట్టిది పెడ్తె ఓడిపోతడు. ఇగ మీ అన్నాచెల్లెండ్ల నడుమ పడి నేను పరేషాన్."

ఆ తర్వాత రోజారాణి ఒక్కతే ఆడింది. రోజూ షిఫ్టు దిగి, తండ్రి ఇంట్లో ఒక గంట ఆడి అలియాబాద్ పోయేది. పగలంతా మందుల కంపెనీలో సీసాలను వెలుగుకు ఎత్తి, లోపల నలుసు ఉందేమో చూడడం ఆమె పని. ఇంటికి వచ్చాక ఆటనూ అలాగే చూసింది.

నలుసులు కనిపించాయి. పాత ఆటలో కత్తి గోడకు దగ్గరగా తిప్పితే గోడలో ఇరుక్కునేది. అది పీక్కునే లోపల చచ్చేవాళ్లు. అందుకని ముందు చోటు చూసుకోవడం నేర్చుకున్నారు, వల విసిరేవాడు చుట్టూ చూసుకున్నట్టు. కొత్త ఆటలో కత్తి పొగలోంచి పోయినట్టు గోడలోంచి పోతోంది. మొదటిసారి అది చూసినప్పుడు ఆమె శత్రువులను వదిలేసి గోడనే కొట్టింది. కొట్టి కొట్టి చూసింది. గోడకు ఏమీ కాలేదు, కత్తికీ ఏమీ కాలేదు.

కొత్తగా మామ వెంట దీపం పట్టుకుని ఒక పిల్ల తిరుగుతుంది. నోరు మూయదు. గట్టి మెట్టులో తప్ప మిగతా మెట్లన్నిటిలో మామ పడిపోగానే వచ్చి లేపుతుంది. దారి పొడవునా ఆకులు, వేర్లు ఏరుకోమంటుంది.

సన్నీ ఇప్పుడు కీసరలో ప్లాట్లు అమ్ముతున్నాడు. రోజూ ఫోనులో మాట పంపేవాడు. "సావని అక్కా, ఎట్లుంది? కొనాల్నా వద్దా?"

"ఆకులు ఏరుడే ఉంది. మామ యుద్ధానికొచ్చిండో, కూరకొచ్చిండో సమజైతలేదు," అని పంపింది ఒకరోజు.

మరునాడు, "వాన మస్తున్నది సన్నీ. ఇనుము మీద చినుకు పడ్డ సప్పుడు కూడ ఇనవడ్తది," అని పంపింది.

ఆ మరునాడు, "పాత ఆటల గంట కొట్టిన రాక్షసుడు మల్ల వచ్చిండు. గదే వంతెన. నాకు ఏడుపొచ్చింది."

"అక్కా, గంటకో మాట చెప్తున్నవ్."

"ఏం జెయ్యాలె మరి. గంటకో తీరుగున్నది."

ఒక సంగతి మాత్రం ఆమె మొదటిరోజే చూసింది. ఇనుపమామకు ఇప్పటికీ ఈత రాదు. పాత ఆటలో ఎంతమందిని నరికినా మోకాలు దాటి నీళ్లలోకి దిగితే మునిగి చచ్చేవాడు. దుకాణానికి ఒకసారి వచ్చిన గాలయ్య అది చూసి, చెరువులో పుట్టి పెరిగినవాడు కాబట్టి, పడీపడీ నవ్వాడు. ఇప్పుడూ ఆమె మామను ఏటి దగ్గరికి తీసుకుపోయి దించింది. మునిగాడు. ఒడ్డున దీపం పిల్ల అరిచింది గాని నీళ్లలోకి రాలేదు. తెర నల్లబడింది. రోజారాణి ఒక్కతే నవ్వింది.

"ఇంక నేర్వలేదా?" అన్నాడు గాలయ్య మంచం మీద నుంచి.

"లేదు నాయిన."

"గంత పెద్ద కత్తి మోస్తడు. ఒక సొరకాయబుర్ర కట్టుకోరాదా నడుముకు?"

వానలు మొదలయ్యాక ఒకరోజు కంపెనీలో కరెంటు పనులని మధ్యాహ్నమే వదిలేశారు. ఆమె తండ్రి ఇంటి దగ్గర దిగింది. వాకిట్లో ట్రాక్టరు ఉంది. లోపల నుంచి కత్తి చప్పుడు. తర్వాత ఒక నవ్వు. ఆ నవ్వు సగం దించిన షట్టరు కిందిది. ఆమె చాలా ఏళ్లుగా వినలేదు.

చెప్పులు విప్పి నిలబడింది.

వీరేందర్ నేల మీద, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. రిమోటును రెండు చేతుల్లో పట్టుకోకుండా తొడ మీద అడ్డంగా పెట్టాడు. ఎడమచేత్తో మామను నడుపుతున్నాడు. కుడి చూపుడువేలు ఒక్క బొత్తాన్నే నొక్కుతోంది. ఒక్క బొత్తం నొక్కితే మామ తనంతట తనే తిరిగి, దూకి, నరుకుతున్నాడు. తెర మూలన చిన్న ఆకు గుర్తు. అన్నిటికంటే కింది మెట్టు అది. మామ నిలబడ్డ ఊరు రోజారాణి ఇంకా చూడనిది.

అతను వెనక్కి తిరగలేదు. ఆమె వచ్చిందని తెలిసింది.

"పాలడబ్బా అను," అన్నాడు.

ఆమె వచ్చి పక్కన కూర్చుంది.

"ఎప్పటి సంది ఆడ్తున్నవ్?"

"నువ్వు డ్యూటీకి పోయినప్పుడల్ల. నీళ్లకు గిరాకీ లేదు గద వానల."

"నాకంటే ముందుకు పోయినవ్."

"గీ దీపం పిల్ల సావనిస్తలేదే. పడ్డ కాడికి వచ్చి లేపుతది. ఇగ సావని అన్న అను నన్ను."

ఆమె నవ్వలేదు. అన్న వేలునే చూసింది. ఈసారి కళ్లు తిప్పుకోలేదు. సగం వేలు రిమోటు అంచు మీద ఊరికే ఆని ఉంది, పనిలేని మనిషి అరుగు మీద కూర్చున్నట్టు.

ఆట సాగింది. మామ పడ్డాడు, పిల్ల లేపింది. మళ్లీ పడ్డాడు, మళ్లీ లేపింది. రోజారాణి ఎదురుచూసింది. ఎదురుచూస్తున్నానని కాసేపటికి గాని ఆమెకు తెలియలేదు. చచ్చినవాడు ఇవ్వాలి. ఈ ఆటలో చావడమే లేదు. వంతు రాదు. ఇంత పెద్ద ఊరు కట్టారు, ఇంత వాన కురిపించారు, పక్కన ఒక మనిషి కూర్చుని ఉంటుందని తలచుకున్నవాడు ఒక్కడూ లేడా అనుకుంది. కోపం వచ్చింది. ఆ పిల్ల లేపకపోతే, ఆ ఒక్క బొత్తం లేకపోతే, అన్న ఈ గోడకు ఆనుకుని ఉండేవాడే కాదు. అదీ తెలుసు. తెలిసినా కోపం పోలేదు.

మోకాలి మీద ఆమె వేళ్లు వాటంతట అవే కదులుతున్నాయి. వీరేందర్ ఒకసారి అటు చూశాడు.

ఎదురుగా ఇంకా నలుగురు శత్రువులు ఉన్నారు. అతను వాళ్లను కొట్టలేదు. మామను వెనక్కి తిప్పాడు. అంగడి దాటించాడు. రాతిమెట్ల మీదుగా కిందికి నడిపించాడు. మెట్ల చివర ఏరు.

"ఏడికి పోతున్నవ్?" అంది రోజారాణి.

దీపం పిల్ల ఒడ్డు మీద ఆగి వద్దు వద్దని అరుస్తోంది. మామ ఏట్లోకి నడిచాడు. మోకాళ్లు, నడుము, తెల్లగడ్డం. నీళ్లు మూసుకున్నాయి. తెర నల్లబడింది.

వీరేందర్ రిమోటు ఆమె చేతిలో పెట్టాడు.

"సచ్చిన. తీస్కో."

ఆమె తీసుకుంది. చెమటకు తడిగా, వెచ్చగా ఉంది.

"లెవలు మార్చుకుంటవా?" అన్నాడు.

బొత్తం మీద ఆమె వేలు ఆగింది. మూలన ఆకు గుర్తు వెలిగి ఉంది.

"ఉండనీ," అంది.

ఒక్క బొత్తంతో ఆడింది. చేతులకు పని లేనట్టుగా ఉంది. నలుగురినీ నరికింది. వాళ్ల వెనక ఉన్న వీధి చూసింది. కత్తి గోడలోంచి పోయింది.

"గిది మాత్రం బాలేదు," అంది.

"అస్సలు బాలేదు," అన్నాడు వీరేందర్. "మన దుకాణంల అయితే డబ్బు వాపస్ అడిగెటోల్లు."

ఫోనులో సన్నీ మాట వచ్చి ఉంది. ఒక్క ముక్కలో చెప్పు అక్కా, కొనాల్నా వద్దా. ఆమె ఫోను నోటి దగ్గర పెట్టుకుంది.

"కత్తి గోడల ఇరుక్కుంటలేదు సన్నీ. గది తప్పే. తప్పు తప్పే. కొను."

ఇంకో వీధి ఆడింది. అన్న మెడ సాచి చూస్తున్నాడు. ఎవరూ అడగకుండానే ఆమె మామను ఏటివైపు తిప్పింది.

చెరువు నుంచి అప్పుడే వచ్చిన గాలయ్య తడి వలతో గడపలో నిలబడ్డాడు. మామ మునగడం చివరిదాకా చూశాడు.

"ఇద్దరు కలిసి ముంచుడే గాని," అన్నాడు, "వానికి ఈత నేర్పేటోడు ఒక్కడు లేడు."

రోజారాణి రిమోటు అన్నకు అందించింది.