తెల్లగా వచ్చిన బ్యాడ్జి

అసిరయ్యను ఆ గదిలోకి పంపే ముందు సీతారామరావు అతని చొక్కాకున్న బ్యాడ్జిని తన చేత్తోనే తీసి జేబులో వేసుకున్నాడు. "దీంతో వెళ్తే రేపట్నించి నిన్ను పన్లోకి రానివ్వరురా, అసిరీ" అన్నాడు. మేలు చేస్తున్నవాడిలాగే అన్నాడు. అని, దూరంగా గేటు దగ్గరికి పోయి నిలబడ్డాడు.

అసిరయ్య హిందీ మాట్లాడే గమ్హరియా ఊళ్లో, ఈ రావు షెడ్డులోనే ఫిట్టరు. కాపురం దగ్గర్లోని బర్మామైన్సు పేటలో, రావు ఇచ్చిన ఇంట్లో. ఆ ఇంట్లో ఉన్నంతకాలం రావుకు ఎదురు చెప్పే నోరు అతనికి లేదు.

ఆ ఏడు షెడ్డుకు కొత్తరకం పని వచ్చింది. ఇనుప అతుకుల లోపల పగుళ్లు కనిపెట్టడానికి వాడే కోబాల్టు బిళ్లల కంపెనీ ఒకటి మూతపడింది. ఆ బిళ్లలను ఉంచిన గదిని ముక్కలుగా విప్పి పారెయ్యాలి. కోబాల్టు కిరణాలు కంటికి కనపడవు, ఒంటిని మాత్రం లోపల్నించి కాలుస్తాయి. అందుకని గదిలోకి మనిషి పోకూడదు. గోడకన్నంలోంచి పొడుగాటి ఇనుప చెయ్యి పోవాలి. బయట మనిషి పిడి తిప్పితే లోపల ఉక్కు వేళ్లు బిళ్లలు మిగిలిపోయిన గొట్టాలు కోసి డబ్బాలో వెయ్యాలి. ఆ చేతిని బిగించిందీ, తిప్పడం నేర్చిందీ అసిరయ్యే. అన్నం తింటూ కూడా మణికట్టు తిప్పి చూసుకునేవాడు. "ముద్ద నోట్లో ఎట్టుకో, గోడలో కాదు" అని భార్య దాలమ్మ నవ్వేది.

విశ్వకర్మ పూజనాడు షెడ్డులో ప్రతి మిషనుకూ బొట్టు పెట్టి ఎర్రదారం కట్టారు. ఇనుప చేతికీ కట్టారు, సరిగ్గా మణికట్టు దగ్గర. పనికి బయల్దేరేటప్పుడు, దారం చక్రాల్లో పడుతుందని అసిరయ్య బ్లేడు తీశాడు. తోటి ఫిట్టరు బలరామ్ అడ్డుపడ్డాడు. "మత్ కాట్ భాయీ, పూజా కా ధాగా హై." పూజదారం తనంతట తాను రాలిపోవాలే గానీ మనిషి తెంపకూడదు. లేతు మిషనుకు కట్టినా లారీకి కట్టినా ఆ ఊళ్లో అంతే. అసిరయ్యకూ భయమే. తెంపకుండా కొసను మణికట్టు మూత కిందికి దోపేశాడు.

ఆ కొసే లోపలి చక్రానికి చుట్టుకుంది. ఉక్కు వేళ్లు కోసిన గొట్టాన్ని పట్టుకుని బిగుసుకుపోయాయి. చెయ్యి వెనక్కి రాదు, అది రాకపోతే గోడకన్నం మూసుకోదు. కన్నం దగ్గరున్న వాళ్లందరి మీదా కిరణాలు పడుతూనే ఉన్నాయి. దారం దోపింది నువ్వే కదా అన్నాడు రావు. అసిరయ్య బ్లేడు అందుకున్నాడు. బ్యాడ్జి లేకుండా లోపలికి పోయి, దారం కోసి, బయటికొచ్చాడు. ఇంటికెళ్లి కక్కుకున్నాడు. కొన్నాళ్లకు వేళ్ల తోలు ఊడింది. దాలమ్మ కొబ్బరినూనె రాస్తూ ఏటయిందని అడిగితే, సున్నం పడిందన్నాడు.

బ్యాడ్జిలో ఫిల్ము ఉంటుంది. కిరణాలు తగిలినకొద్దీ నల్లబడుతుంది. పరీక్షకు పంపితే కన్నం దగ్గర నిలబడ్డవాళ్లవన్నీ నల్లగా వచ్చాయి. బలరామ్‌తో సహా వాళ్లందరినీ రూలు ప్రకారం ఆ పని మాన్పించారు. మొదట్లోనే గేటు దగ్గరికి పోయి రావు జేబులో కూర్చున్న అసిరయ్య బ్యాడ్జి ఒక్కటే తెల్లగా వచ్చింది. అందరికంటే ఎక్కువ కాలినవాడు కాగితం మీద చెక్కుచెదరనివాడయ్యాడు. ఇక ఆ గదికి పనికొచ్చే మనిషి అతనొక్కడే.

చెప్పుకుందామంటే రుజువు లేదు. మానేద్దామంటే ఇల్లు ఖాళీ చెయ్యాలి, దాలమ్మకు నెలలు నిండుతున్నాయి. రోజూ పిడి పట్టుకుని, ఇనుప చెయ్యి ఎప్పుడు మొరాయిస్తుందా అని దాని చప్పుడే వినేవాడు. అది మొరాయిస్తే రావు జేబులోకి బ్యాడ్జి, గదిలోకి తను. మళ్లీ తెల్లగానే వస్తుంది. మళ్లీ పిలుస్తారు.

దీపావళి ముందు లోపలి తీగ తెగి, చెయ్యి మళ్లీ ఇరుక్కుంది. రావు అలవాటైన పనిలా అరచెయ్యి చాచాడు. అసిరయ్య బ్యాడ్జి ఇవ్వలేదు.

"తియ్యరా, వెర్రివాడా. అది నల్లబడితే నీకు పనుండదు, ఇల్లుండదు."

అసిరయ్య కొత్త తోలు వచ్చిన వేళ్లతో పిన్నును చొక్కాకు ఇంకాస్త గట్టిగా నొక్కుకున్నాడు. వాళ్లిద్దరూ ఎదురుపడటం అదే ఆఖరు. తలుపు దగ్గర ఆగి అన్నాడు:

"పోతే పోనీండి బాబూ. దీన్ని నల్లబడనియ్యండి. అప్పుడు గాని మీరు నన్నింక నోపలికి ఎల్లమన్లేరు."