అక్కకు రాని కామెర్లు

మొన్న నాలుగో నెల చూపించడానికి మా బిడ్డను జగిత్యాల తీసుకుపోతే, కొత్త డాక్టరమ్మ కాగితం ముందు పెట్టుకుని, మీ తల్లిగారి వైపు ఎవరికైనా కాన్పప్పుడు బీపీ పెరగడం, ఫిట్స్ రావడం జరిగిందా అని అడిగింది. పక్కనే కోరుట్ల వియ్యపురాలు కూర్చుని ఉంది. జవాబు చెప్పేముందు నేను ఆవిడ మొహం చూశాను.

ఎందుకో చెప్పాలంటే సిరిసిల్లలో మా ఇంటికి పోవాలి. మగ్గాల చప్పుడుకు అరిచి మాట్లాడుకునే ఇల్లు మాది. అమ్మ కండెలకు నూలు చుడుతూ వాడకట్టు ముచ్చట్లన్నీ చెప్పేది, తన ఇంటి ముచ్చట తప్ప. నా పదేళ్లప్పుడు అక్క తొలి కాన్పుకు వస్తే, నన్ను చిన్నమ్మ ఇంటికి పంపించారు. తిరిగి వచ్చేసరికి అక్కా లేదు, కడుపులోని బిడ్డా లేదు. కామెర్లని అమ్మ చెప్పింది. ఎవరైనా చెరుకురసం తాగించి ఉంటే బతికేది కదా అని ఏళ్ల తరబడి ఏడ్చిన పిచ్చిదాన్ని నేను.

నా తొలి కాన్పుకూ పుట్టింటికే వచ్చాను. ఎనిమిదో నెలలో మొహానికి, కాళ్లకు నీరు దిగి, తలనొప్పితో కళ్లు మసకబారితే ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడి నర్సు ఇదే మాట అడిగింది. నన్ను చూడటానికి వచ్చిన మా అత్త అక్కడే నిలబడి ఉంది. "మా ఇంట్ల ఎవ్వలకు లేదమ్మా, జర పైత్యం చేసింది గంతే" అన్నది అమ్మ, తడుముకోకుండా. డాక్టరు వచ్చేదాకా ఉండమన్నా వినకుండా ఇంటికి తెచ్చి నిమ్మరసం తాగించింది. మూడో రోజు నాకు ఫిట్స్ వచ్చాయి. నేను దక్కాను, కొడుకు దక్కలేదు. నా కడుపే మంచిది కాదని అత్త నలుగురిలో అన్నప్పుడు కూడా అమ్మ తల వంచుకుని విన్నదే గాని పెదవి విప్పలేదు.

అక్కకూ ఫిట్సే వచ్చాయని అమ్మ పోయిన పదకొండో నాడు చిన్నమ్మ చెప్పింది. "ఇంటికి మూర్ఛరోగం పేరు పడితె నిన్నెవలు చేసుకుంటరని దాసింది బిడ్డా" అన్నది. నా పెళ్లి కోసం దాచి, నా కొడుకును పోగొట్టిందన్నమాట. కన్నతల్లి చేసినా ద్రోహం ద్రోహమే. నిలదీద్దామంటే మనిషి లేదు. ఫోటోకు దండ కూడా వేయకుండా బస్సెక్కాను.

మొన్న ఆ గదిలో అమ్మ అన్న మాటే నా నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి, అక్క సంగతీ నా సంగతీ దాచకుండా చెప్పాను. డాక్టరమ్మ అంతా రాసుకుని, ఇకనుంచి తరచూ బీపీ చూపించుకోవాలన్నది. వియ్యపురాలు కిందికి వంగి, కోడలి కాళ్లు వాచాయేమోనని వేలితో నొక్కి చూసింది. అత్తింటివాళ్లకు తెలిస్తే ఏమవుతుందోనని అమ్మ అన్నేళ్లు భయపడింది దీనికే.

బయటికి వచ్చాక బిడ్డ నన్ను ఆపింది.

"నాలుగు నెలలాయె, గిప్పుడా అమ్మా చెప్పుడు? నాకో అన్న పుట్టిండని గూడ నాకు తెల్వదు."

మా కాలంలో ఇలాంటివి ఆడపిల్లలకు చెప్పేవాళ్లం కాదని అందామనుకున్నాను. నా గొంతులో అది అచ్చం అమ్మ మాటలాగే ఉంటుందని ఊరుకున్నాను. కోరుట్ల వచ్చేదాకా బిడ్డ బస్సు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది, నా వైపు తిరగలేదు.