బంద్ రోజు ఆటోలో

నాన్న బతకాలని నేను మొక్కని మొక్కు లేదు. అయినా పోయారు. దాంతో దేవుడి మీద నాకు నమ్మకం పోయింది. తర్వాత అమ్మా నేనూ గుంటూరు వదిలి ఎల్బీనగర్‌లో కిరాయికి దిగాం. ఇంటావిడది నల్లగొండ వైపు పల్లె.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. ఒక బంద్ రోజు మధ్యాహ్నం అమ్మకు ఆయాసం ఎక్కువై పెదవులు నల్లబడ్డాయి. అంబులెన్స్‌కు ఫోన్ చేస్తే, దారులు మూసేశారు, ఎప్పటికి వస్తామో చెప్పలేం అన్నారు. ఇంటావిడ పక్క వీధి ఆటో అతన్ని బతిమాలి తీసుకొచ్చింది. అమ్మను మధ్యలో కూర్చోబెట్టి చెరోవైపు పట్టుకున్నాం.

మెయిన్ రోడ్డు మీద రాళ్లు, కాలుతున్న టైర్లు. జనం ఆటోను ఆపారు.

"నువ్వు మాట్లాడకు బిడ్డా, నేను చెప్త," అని ఇంటావిడ దిగి గుంపులోకి వెళ్లింది. ఎంతసేపటికీ తిరిగి రాలేదు. నా గుంటూరు యాస అంటే నాకే భయం వేసింది. ఎవరో ఆటో టాపు మీద గట్టిగా కొట్టారు. పొగకు దగ్గుతున్న అమ్మ ఉన్నట్టుండి దగ్గడం మానేసి నా భుజం మీదికి వాలిపోయింది.

"దేవుడా, నువ్వు ఉన్నావో లేవో తెలియదు. ఉంటే నన్ను ఒక్కదాన్ని చేయకు," అన్నాను లోలోపల. అమ్మను బతికించమని అడగలేదు. అడిగే ధైర్యం లేదు. భయం తగ్గలేదు, కానీ నా మాట ఎవరో విన్నట్టు తోచింది. అమ్మ ముక్కు దగ్గర వేలు పెట్టాను. సన్నగా ఊపిరి తగిలింది.

ఇంటావిడ గుంపులోంచి ఒకతన్ని వెంటబెట్టుకొచ్చింది. అతను నన్నే అడిగాడు, ఏమైందక్కా అని. నోరు తెరవక తప్పలేదు.

"మా అమ్మండీ. ఊపిరి ఆడట్లేదు."

ఆ 'అండీ' విని అతను నా ముఖంలోకి చూశాడు. నేను అమ్మను ఇంకాస్త దగ్గరికి పొదువుకున్నాను. అతను వెనక్కి తిరిగి, "రాళ్లు తియ్యుండ్రి, దవాఖానకు పోతున్నరు," అన్నాడు. దారిలో ఇంకెవరూ ఆపకుండా డ్రైవర్ పక్కనే కూర్చుని దిల్‌సుఖ్‌నగర్ దాకా వచ్చాడు.

ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు. తెల్లారేదాకా ఏమీ చెప్పలేమన్నారు. వరండాలో కూర్చుని ఇంటావిడతో, నాకు నమ్మకం లేకపోయినా దండం పెట్టుకున్నానని చెప్పాను.

"నమ్మకం లేకుంటే మరి ఎవలకు మొక్కినవ్?" అంది.

అమ్మ ఏమవుతుందో తెలియని ఆ భయంలోనే కళ్లు మూసుకుని మళ్లీ దండం పెట్టుకున్నాను.

అమ్మ కోలుకుంది. ఆనాటి నుంచి రోజూ దేవుడితో నాలుగు మాటలు మాట్లాడతాను. సందేహం వచ్చిన రోజున అదీ ఆయనకే చెప్పుకుంటాను.