వియన్నాలో ఒక పత్తి పింజ

ఎమ్మిగనూరులో పుట్టి, ఆదోనికి కోడలిగా వచ్చి, ఆ రెండు ఊళ్ళ మధ్య బస్సుల్లోనే సగం జీవితం తిరిగినదాన్ని నేను. ఒక్కదాన్నే కర్నూలు వెళ్ళాలంటే ముందురోజు నుంచే సంచి సర్ది పదిసార్లు చూసుకుంటాను. అలాంటిదాన్ని మా ఆయన వియన్నా తీసుకెళ్ళాడు. పత్తి వ్యాపారం చేసే కుటుంబాలు కొన్ని కలిసి వేసుకున్న టూరు అది. "పిరికిదానా, ఇప్పుడన్నా లోకం చూడు" అన్నాడు. లోకం మీద మోజు నాకెప్పుడూ లేదు. ఈయన్ని ఒంటరిగా పంపడానికి భయమేసి బయలుదేరాను.

ఆఖరి రోజు మధ్యాహ్నం అందరూ అంగళ్ళ మీద పడ్డారు. ఈయన మాత్రం "అంగళ్ళు ఆదోనిలో లేవా?" అని నన్ను మ్యూజియం వైపు నడిపించాడు. బస్సు దిగేముందు గైడు ఒక మాట గట్టిగా చెప్పాడు. మ్యూజియంలో దేన్నీ ముట్టుకోవద్దు, ముట్టుకుంటే పోలీసులొస్తారు, పోలీసుల దాకా వెళితే తాను కూడా చేసేదేమీ ఉండదు, రేపు పొద్దున విమానం ఎవరి కోసమూ ఆగదు. అప్పటినుంచి నేను చేతులు కొంగులో చుట్టుకునే నడిచాను.

పై అంతస్తు నిండా పాత బొమ్మలు. గోడంత పటాల్లో రాజులు, రాణులు, గుర్రాలు. ఎటు జరిగినా వాళ్ళ కళ్ళు నా వెనకే వచ్చాయి. ఒక పటంలో ఒక పిల్ల పళ్ళెంలో తెగిన తల పట్టుకుని, ఫలహారం తెచ్చినంత నిమ్మళంగా నిలబడి ఉంది. నేను మొహం తిప్పుకున్నాను. ఈయన మాత్రం పటం దగ్గరకెళ్ళి, "రంగు చూడే, నిన్న పూసినట్లుండాది" అని మెచ్చుకున్నాడు. ప్రతి గదిలో నల్లకోటు వేసుకున్న కాపలావాళ్ళు, చేతుల్లో వాకీటాకీలు. వాళ్ళు నవ్వరు, మాట్లాడరు. మనం ఏదో ఒకటి చేస్తామని ముందే తెలిసినట్టు చూస్తారు.

కింది అంతస్తులో కొత్తకాలం కళ. విరిగిన కుర్చీ, మేకులు కొట్టిన పలక, ఖాళీ డబ్బా. "ఇయన్నీ మన గోడౌన్లో ఉండేటివే కదే, తాళమేసి టికెట్ పెడదామా?" అని ఈయన ఒకటే నవ్వు. ఒక పెద్ద గదిలో నేల మీద, నా నడుమెత్తున, కుప్ప పోసిన పత్తి. గింజ తియ్యని పత్తి. చుట్టూ తాడు లేదు, అద్దం లేదు, అప్పటికి నల్లకోటూ లేడు. నేల మీద సన్నటి గీత మాత్రం ఉంది. గోడ మీద రాసిందేమిటో చూద్దామని నేను అటు తిరిగాను, వాళ్ళ భాషలో ఉంది. వెనక నుంచి ఈయన గొంతు వినబడింది. "పింజ పొట్టిది. మన కోసిగి పత్తి ముందర ఇదేం నిలబడ్తాది."

పత్తివాళ్ళకు ఒక అలవాటుంది. కుప్ప కనబడితే చెయ్యి ఆగదు. కాస్త పీకి, రెండు చేతుల వేళ్ళతో మెల్లగా లాగి, పింజ ఎంత పొడుగుందో చూస్తారు. చూసినదాన్ని కింద పారేయరు, పత్తి లక్ష్మి కదా. బేరం తేలేదాకా చొక్కా జేబులో పెట్టుకుంటారు. పెళ్ళిచూపులకు వచ్చిన రోజు కూడా ఈయన జేబులోంచి పత్తి బయటికి కనబడుతూ ఉంది. మా నాన్న అది చూసే, పనిమంతుడని ఒప్పుకున్నాడు.

పక్క గదిలోకి వెళ్ళాక గానీ నేను చూడలేదు. ఈయన చొక్కా జేబు అంచున తెల్లగా.

నా పైప్రాణాలు పైనే పోయాయి. "ఏమండీ, అదేంది?" అన్నాను. ఈయన కిందికి చూసుకున్నాడు. జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. మొహంలో నెత్తురు దిగిపోవడం నా కళ్ళారా చూశాను.

"నాకు తెలీకుండానే ఏసుకున్న్యానే" అన్నాడు.

"పోయి ఆడనే పెట్టేద్దాం రాండి."

వెనక్కి వెళ్ళాం. అప్పటికే కుప్ప చుట్టూ బడిపిల్లలు కూర్చుని బొమ్మలు గీసుకుంటున్నారు. టీచరు నిలబడి ఏదో చెబుతోంది. ఆమె పక్కన ఒక నల్లకోటు. మమ్మల్ని చూసి వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకున్నాడు. మా గురించే అని నాకు రూఢి అయిపోయింది. ఇద్దరం గిరుక్కున తిరిగాం. గుమ్మడికాయల దొంగ అనకముందే ఈయన భుజాలు తడుముకుంటున్నాడు. అడుగుకొకసారి చెయ్యి జేబు మీదికి పోతోంది. "చెయ్యి తీయండి" అని నేను, "తీసినాలే" అని ఈయన. మళ్ళీ చెయ్యి అక్కడే.

ఆ మ్యూజియంలో బయటికి దారి ఎక్కడుందో దేవుడికి తెలియాలి. ఒక గదిలోంచి ఇంకో గది, దాంట్లోంచి మరొకటి. విరిగిన కుర్చీ దగ్గరికే రెండోసారి వచ్చాం. వెనక బూట్ల చప్పుడు. నేను ఆగితే ఆగుతోంది, నడిస్తే నడుస్తోంది. నా చెవులకే అలా వినబడిందో ఏమో, తిరిగి చూసే ధైర్యం మాత్రం లేకపోయింది. టాయిలెట్ బోర్డు కనబడగానే ఈయన్ని లోపలికి తోశాను, అందులో పారేసి రమ్మని. చాలాసేపటికి వచ్చాడు. జేబు అట్లాగే ఉబ్బెత్తుగా ఉంది.

"పారేయలేదా?"

"పత్తిని దాంట్లో ఎట్లేస్తానే? చేతులు రాలే."

తిట్టాలనిపించింది. ఈయన నుదుటి మీద చెమట చూశాక నోరు రాలేదు. ఆదోని మార్కెట్ యార్డులో ఈయన నోటిమాట మీద పత్తి లాట్లు చేతులు మారతాయి. పైసా తేడా అన్నవాడు లేడు. దొంగ అన్న ఒక్క మాట ఊరు చేరితే ఇంక ఆ యార్డులో తలెత్తి తిరగగలడా? జైలు సంగతి తర్వాత, ఆ మాట పడితే ఈ మనిషి బతకడు. దానికి తోడు నాకు ఇంకో భయం పట్టుకుంది. పెళ్ళయినప్పటి నుంచి పాముకీ పిడుగుకీ పోలీసుకీ అన్నిటికీ నేనే భయపడ్డాను, ఈయన నవ్వేవాడు. ఆ నవ్వును ఆసరా చేసుకునే నేను ఇన్నేళ్ళూ హాయిగా భయపడగలిగాను. ఇప్పుడు ఈయనే వణుకుతుంటే నేను ఎవరి చెయ్యి పట్టుకోవాలి?

ఎలాగో బయటి తలుపు దొరికింది. అద్దాల్లోంచి వీధి కనబడుతోంది, ట్రాము పోతోంది. తలుపు మీద చెయ్యి వేయబోతుండగా ఒక నల్లకోటు అడ్డం వచ్చి, "ప్లీజ్ కమ్" అన్నాడు.

చిన్న గది. తెల్లజుట్టు అధికారిణి ఒకామె బల్ల వెనక కూర్చుని ఉంది. కంప్యూటరు మా వైపు తిప్పింది. అందులో పైనుంచి ఈయన బట్టతల కనబడుతోంది. గీత దాటాడు, పీకాడు, లాగి చూశాడు, పెదవి విరిచాడు, జేబులో వేసుకున్నాడు. యార్డులో రోజూ చేసే పనే. ఆ తెర మీద మాత్రం అచ్చం దొంగతనంలాగే ఉంది.

"వై?" అని అడిగింది.

మిల్లువాళ్ళతో ఫోన్లో టకటకా ఇంగ్లీషు మాట్లాడే మనిషి, రెండు చేతులూ జోడించి, "అమ్మా, అలవాటమ్మా. దొంగను కాదు" అని తెలుగులో అన్నాడు. ఆ జోడించిన చేతులు చూడలేకపోయాను. పిల్లల పుస్తకాల్లో నేర్చుకున్న నాలుగు ముక్కలు కూడగట్టుకుని, "కాటన్ మర్చంట్. ఇండియా. హ్యాబిట్. నాట్ థీఫ్" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ఆమె ఫోనెత్తి చాలాసేపు మాట్లాడింది. ఆ భాషలో ప్రతి మాటా తిట్టులాగే ఉంది. పోలీసులకే చేస్తోందని మా ఇద్దరికీ అనిపించింది.

ఫోను పెట్టేసి, సొరుగు లాగింది. లోపల ఇనుము గలగలమంది. లేచి మా ముందుకు వచ్చి, ఈయన వైపు చెయ్యి చాచింది.

ఈయన జోడించిన చేతులు విప్పాడు. రెండు మణికట్లూ దగ్గరగా పెట్టి, బేడీల కోసం ముందుకు చాచాడు. ఆమెను చూడలేదు, నా వైపు తిరిగాడు.

"ఏమే, నువ్వు గ్రూపుతో పో. ఊర్లో అడిగితే జ్వరమొచ్చి ఆస్పత్రిలో ఉండాడని సెప్పు. ఇది మాత్రం సెప్పద్దు."

నాకు ఏడుపు ఆగలేదు. "నేను యాడికీ పోను" అని, నా చేతులు కూడా ఆయన చేతుల పక్కన చాచి పెట్టాను.

ఆమె మా నాలుగు చేతుల వైపూ చూసింది, మా మొహాల వైపు చూసింది. ఏమీ అర్థం కాలేదు ఆమెకు. సొరుగులోంచి తీసి రెండో చేతిలో పట్టుకున్న చిన్న పటకారు ఎత్తి, ఈయన జేబులోంచి పింజ తీసి, ప్లాస్టిక్ కవరులో వేసుకుంది. థాంక్యూ అని, తలుపు తీసి పట్టుకుంది.

మేమిద్దరం చేతులు దించకుండా అలాగే నిలబడి ఉన్నాం.